దగ్గరున్నవాడిదే తప్పు

కొండ దిగువన, ఏరు వంపు తిరిగే చోట, ఎలుగుబంటి నూకరాజు గారికి ఒక బెల్లం గానుగ ఉండేది. చెరకు తోట కొండ మీద, గానుగ కింద, మధ్యలో ఎర్రమట్టి బాట. పైన నరికిన చెరకును మోపులు కట్టి, ఒంటెద్దు బండి మీద పేర్చి, ఆ బాటన కిందికి దింపేవాళ్ళు. గానుగాడించి, రసాన్ని పెద్ద పెనంలో కాచి, బెల్లం దిమ్మలు పోసేవాళ్ళు. పని చేసినవాళ్ళకి రెండు పూటలా మేత, పడుకోవడానికి ముళ్ళకంచె లోపల ఒక పాక. కంచె బయట, ఏటి అవతలి గడ్డిలో, దుమ్ములగొండి కాపురముండేది. నూకరాజు గారి వాసన తగిలినంత మేర అది ఇటు రాదు. ఆ వాసన దాటి వెళ్ళినవాళ్ళ గురించి పాకలో ఎవరూ మాట్లాడుకోరు.

నూకరాజు గారు నులకమంచం మీదే ఉండేవారు. దిగడం ఆయనకు గిట్టదు. తియ్యటిది తినడం, తిన్నాక కునుకు తీయడం, లేచాక "ఏమయ్యా, ఎంత దిగింది?" అని అడగడం. ఉన్నమాట చెప్పాలంటే ఆయన చెడ్డవారేం కాదు. మంచం మీంచి కనపడనిది ఆయనకు లేనట్టే, అంతే. మిగతా పెత్తనమంతా మేస్త్రీది. మేస్త్రీ నక్క జంబయ్య.

జంబయ్యకు జీతం లేదు. పెనం దించాక అడుగున అంటుకునే గోకుడు బెల్లం అతని వాటా. ఎంత చెరకు ఆడితే అంత గోకుడు. అందుకని బండి మీద ఒక వరస అయ్యాక ఇంకో వరస, ఆ పైన ఇంకో వరస పేర్పించేవాడు. బండి లాగేది ఎద్దు కర్రెన్న. నల్లటివాడు, మాట తక్కువ, అడుగు నిదానం.

"ఇంక చాలు మేస్త్రీ. పైన గాలికి ఊగుతోంది," అనేవాడు కర్రెన్న.

"ఊగితే ఊగనీ. నీ మీద కాదుగా, బండి మీద."

"బండి నా మీదేగా."

"ఎద్దువి నువ్వా, నేనా? నడువు."

కర్రెన్న నడిచేవాడు. నడవక ఏం చేస్తాడు.

కింద మోపులు దించడానికి ముగ్గురుండేవాళ్ళు. కోతి సన్నాసి బండి పైకెక్కి మోపులు అందించేవాడు. గాడిద బూదెమ్మ వాటిని వీపున వేసుకుని గానుగ దగ్గరికి చేర్చేది. బూడిద రంగు కాబట్టి ఆ పేరు. మేక పోలమ్మ చెరకు ఆకు దూసేది, దూసినదాంట్లో సగం తినేది, మిగతా సగం తింటూ అందరి మీదా మాటలు విసిరేది.

గానుగ పక్కన బాట ఒక వైపుకు ఒరిగి ఉండేది. బండి వచ్చి ఆగితే గానుగ వైపు చక్రం పల్లంలో, అవతలి చక్రం మిట్ట మీద. అందుకని బండి ఆగగానే ఒకరు పల్లంలో చక్రానికి అడ్డంగా రాయి దొర్లించేవాళ్ళు. ఒకరు మిట్ట వైపు నిలబడి మోపుల్ని బిగించిన మోకు విప్పేవాళ్ళు. ఒకరు పైకి చూస్తూ "ఆగు, ఆగు, ఇప్పుడు లాగు" అని చెప్పేవాళ్ళు. ఎవరూ నేర్పిన పని కాదు. చేస్తూ చేస్తూ అలవాటైపోయింది.

"ఈ పల్లం పూడ్చేస్తే పోదా మేస్త్రీ? నాలుగు తట్టల మన్ను," అని ఒకసారి బూదెమ్మ అడిగింది.

"ఒక పూట గానుగ ఆపమంటావా?"

"ఒక్క పూటే."

"పల్లం ఉండబట్టే మోపులు వాటంతటవి గానుగ వైపు ఒరుగుతున్నాయి. మీకు మోత తగ్గుతోంది. నేను ఆలోచించేదంతా మీ సుఖం కోసమే. మీకే అది తలకెక్కదు," అన్నాడు జంబయ్య. అని పెనం దగ్గరికి వెళ్ళి అడుగు ఎంత అంటుకుందో వంగి చూసుకున్నాడు.

ఒకరోజు పై వరస ఇంకా మోకు విప్పకముందే జారింది. సన్నాసి చెయ్యి మోపుల కింద పడింది. వాడు పెట్టిన కేకకు నూకరాజు గారికి కునుకు చెడింది.

"ఏమైందయ్యా?"

"మోపులు పడ్డాయి అయ్యగారూ," అన్నాడు కర్రెన్న.

"ఎవరి తప్పు?"

పై వరస వెయ్యమన్నది ఎవరో అందరికీ తెలుసు. ఆ తెలిసిన సంగతి ఎవరి నోటి నుంచి ముందు వస్తుందా అని అందరూ పక్కవాడి మొహం చూశారు. ఆ కాస్త ఆలస్యం చాలు జంబయ్యకు.

"పడ్డప్పుడు దగ్గరెవరున్నారో చూడండి అయ్యగారూ. ఎవరూ కదపందే ఎందుకు పడతాయి? దగ్గరున్నవాడే కదిపుంటాడు. అల్లంత దూరాన ఉన్న నేను కదపలేను కదా. మంచం మీదున్న మీరు అసలే కదపలేరు."

ఆ చివరి మాట నూకరాజు గారికి బాగా నచ్చింది.

"లెక్క తేలిగ్గా ఉందయ్యా. ఇకనుంచి అదే రూలు. పడినదానికి దగ్గరున్నవాడిదే తప్పు. తప్పున్నవాడికి పని లేదు, పాకలో చోటూ లేదు," అని అటు తిరిగి పడుకున్నారు.

సన్నాసి నలిగిన చేతిని గుండెకు ఆనించుకుని వెళ్ళిపోయాడు. ఏటి ఒడ్డున మద్దిచెట్టు ఎక్కి అక్కడే ఉండిపోయాడు. కోతి కాబట్టి చెట్టయినా ఉంది.

జంబయ్య బండికి దిష్టి తగిలిందన్నాడు. నల్లదారానికి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చి నొగకు కట్టాడు. మర్నాడు ఇంకో వరస పెంచాడు.

"మళ్ళీ ఎత్తు పెంచుతున్నారేంటి?" అంది పోలమ్మ.

"నిమ్మకాయ ఉందిగా."

"నిమ్మకాయకు చెయ్యి నలగదుగా మరి."

"నీ పని ఆకు దుయ్యడం. దుయ్యి."

ఆ రూలు వచ్చాక గానుగ దగ్గర అందరూ ఒక కొత్త పని నేర్చుకున్నారు, దూరంగా ఉండడం. బండి ఆగితే ఎవరి కాళ్ళు వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళేవి. పైకి చూసి "ఆగు" అని చెప్పాల్సినవాళ్ళు కంచె దగ్గర నిలబడి చెప్పేవాళ్ళు, అది బండి దాకా వినపడేది కాదు. రాయి నువ్వు వెయ్యి అంటే నువ్వు వెయ్యి అనుకునేవాళ్ళు. ఈలోపు కర్రెన్న నాలుగు గిట్టలూ మట్టిలో గుచ్చి, మెడ బిగించి, బండిని ఒక్కడే ఆపుకునేవాడు.

అలా ఎంతకాలం ఆపుతాడు. ఒక మధ్యాహ్నం బండి ఆగలేదు. పల్లం వైపు చక్రం మెల్లగా జారడం మొదలెట్టింది. కర్రెన్న ముందుకాళ్ళు మడతపడ్డాయి. బండి తిరగబడితే ముందు విరిగేది అతని మెడే. చూస్తున్నవాళ్ళందరికీ అది తెలుసు. చూస్తున్నవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

బూదెమ్మ మాత్రం ముందుకు వేసింది. నుదుటితో రాయిని దొర్లించి చక్రం కింద కూరింది. చక్రం ఆగింది, కర్రెన్న లేచి నిలబడ్డాడు. పై వరస ఆగలేదు. మోపులన్నీ వచ్చి బూదెమ్మ నడుం మీద, వెనక కుడి కాలి మీద పడ్డాయి.

జంబయ్య తీరిగ్గా వచ్చాడు.

"దగ్గరెవరున్నారు?"

ఎవరూ చెప్పే అవసరం లేదు. ఆమె చెరకు మధ్యనే పడి ఉంది.

"నేను రాయి వెయ్యబట్టే బండి ఆగింది మేస్త్రీ," అంది బూదెమ్మ.

"ఆగింది. నేను కాదన్నానా? కానీ మోపులు పడ్డాయి. పడినదానికే రూలు ఉంది. ఆగినదానికి రూలు లేదు."

"కాలు ఆనడం లేదు."

"అందుకే ఇవాళే పొమ్మనడం లేదు. నేనేమన్నా కసాయివాడినా? రేపు పొద్దుగుంకేలోపు పాక ఖాళీ చెయ్యి," అన్నాడు జంబయ్య.

కుంటి గాడిద పొద్దుగుంకాక కంచె బయట ఉంటే ఏమవుతుందో ఎవరూ విడమరిచి చెప్పుకోలేదు. ఏటి అవతల గడ్డి అప్పటికే ఒకసారి కదిలింది.

కర్రెన్న కాడి దించగానే తిన్నగా నులకమంచం దగ్గరికి వెళ్ళాడు. అతను అలా వెళ్ళడం అదే మొదలు.

"అయ్యగారూ, ఒక మాట."

"చెప్పవయ్యా. బండి దిగిందా?"

"దిగింది. బూదెమ్మ రాయి వెయ్యబట్టి దిగింది. లేకపోతే నేను మీకు కనపడేవాణ్ణి కాదు."

"పడ్డప్పుడు దగ్గరుందా, లేదా?"

"ఉంది. నేనూ ఉన్నాను. ఆమెకంటే నేనే దగ్గర. బండి నా మెడకే ఉంది. రూలు ప్రకారం తప్పు నాది. నన్ను పంపించండి, ఆమెను ఉంచండి."

నూకరాజు గారు కళ్ళు పూర్తిగా తెరిచారు. ఎద్దును పంపితే బండి ఎవరు లాగుతారు? ఆయన జంబయ్య వైపు చూశారు. జంబయ్య అప్పటికే అక్కడున్నాడు. ఎవరైనా మంచం దగ్గర మాట్లాడుతుంటే అతను ఎప్పుడూ అక్కడే ఉంటాడు.

"కాడి కింద ఉన్నవాడు బండిలో భాగం అయ్యగారూ. చక్రం మీద తప్పు వేస్తామా, ఎద్దు మీద వెయ్యడానికి?"

"అదీ నిజమే," అన్నారు నూకరాజు గారు, కాస్త తేలికపడి. "చూడు కర్రెన్నా, రూలు ఒకసారి వంచితే ఆ తర్వాత ప్రతిసారీ నేను మంచం దిగొచ్చి చూడాలి. నావల్ల కాదు. వెళ్ళి పడుకో."

"రేపు మీరొకసారి కళ్ళారా చూడాలి అయ్యగారూ," అని జంబయ్య మాట మార్చాడు. "ఈ ఏడాది ఎప్పుడూ దించనంత బండి దింపిస్తాను. ఒక గాడిద లేనంత మాత్రాన మీ గానుగ ఆగదని మీకే తెలుస్తుంది. మీ మంచం గానుగ పక్కనే వేయిస్తాను. మీరు దిగక్కర్లేదు."

"దిగక్కర్లేదంటే చూస్తాను," అన్నారు నూకరాజు గారు.

పొద్దు వాలుతుండగా పాకలో బూదెమ్మ గడ్డి మీద ఒరిగి పడుకుని ఉంది. కాలు తొట్టంత వాచింది. పోలమ్మ పక్కన కూచుని ఆకు నములుతోంది.

"రేపు ఏటి దాకా నేను తోడొస్తానక్కా."

"నువ్వెందుకే? దుమ్ములగొండికి ఒక కూర చాలదనా?"

"నా కొమ్ములున్నాయి."

"నీ కొమ్ములు చూసి ఆకులు భయపడతాయి."

పోలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. కర్రెన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లడం లేదు.

"నా వల్లే నీకు ఇట్లా అయింది బూదెమ్మా."

"నీ వల్ల కాదు, వరస వల్ల. లోపలికి రా అన్నా, గాలికి అడ్డం," అంది బూదెమ్మ. అతను లోపలికి వచ్చాక మళ్ళీ అంది. "మీరు నాకోసం ఎవరితోనూ పోట్లాడొద్దు. మేస్త్రీ చెప్పింది చేస్తే చాలు."

"ఏం చెప్పాడు?"

"దగ్గరున్నవాడిదే తప్పన్నాడు. తప్పు చెయ్యొద్దనేగా దానర్థం. చెయ్యకండి. రేపు బండి ఆగాక ఎవరూ దగ్గరికి పోకండి. అయ్యగారు అక్కడే ఉంటారటగా, చూస్తారు."

పోలమ్మ నమలడం ఆపింది. "మరి మోపులెవరు దించుతారు?"

"అదే మాట అయ్యగారు అడుగుతారు. అడగనీ."

"అందరూ దూరంగా ఉంటే కర్రెన్నన్న సంగతి? కాడి కింద ఉండేది తనేగా."

"పొద్దున్నే చక్రం ఆగే చోటు చూసుకుని రాయి ముందే వేసి ఉంచుదాం. నేను చోటు చూపిస్తాను, నువ్వు కొమ్ములతో దొర్లించు. ఆ కొమ్ములకూ ఒక పని దొరుకుతుంది. ముందే వేస్తే మనం దగ్గరున్నట్టు కాదు. బండే రాయి దగ్గరికి వచ్చినట్టు."

"మేస్త్రీ దగ్గర చాలాకాలం పనిచేశావు అక్కా, తెలిసిపోతోంది," అంది పోలమ్మ.

తెల్లారాక అందరూ కలిసి నూకరాజు గారి మంచాన్ని ఆయనతో సహా గానుగ పక్కకు ఈడ్చుకొచ్చారు. పొయ్యి మీద పెనం మరుగుతోంది. కొండ మీంచి బండి కదిలింది. అది వస్తుంటే ముందు చెరకు కనిపించింది, చాలాసేపటికి గానీ కింద ఎద్దు కనపడలేదు. మోపు మీద మోపు, వరస మీద వరస, పైన ఆకులు కొమ్మలకు రాసుకుంటున్నాయి. జంబయ్య ముందు నడుస్తూ తోక పైకెత్తి వచ్చాడు. నొగకు కొత్త నిమ్మకాయ కట్టి ఉంది.

బండి పల్లం దగ్గరికి వచ్చింది. చక్రం రాయికి తగిలి నెమ్మదిగా ఆగింది. కర్రెన్న ఊపిరి వదిలాడు. మోపులన్నీ గానుగ వైపుకు ఒక జానెడు ఒరిగి, మోకు బలం మీద నిలబడ్డాయి.

ఎవరూ కదల్లేదు. పోలమ్మ, ఆకు దూసే మిగతా మేకలు, పొయ్యిలో చెరకు పిప్పి వేసే దున్న, అందరూ కంచె పక్కన వరసగా నిలబడ్డారు. చివర బూదెమ్మ మూడు కాళ్ళ మీద నిలబడింది.

"ఏం చూస్తున్నారు? మోకు విప్పండి," అన్నాడు జంబయ్య.

"ఇక్కణ్ణించి అందదు మేస్త్రీ," అంది పోలమ్మ.

"దగ్గరికెళ్ళి విప్పు."

"దగ్గరికా? తప్పు కాదూ?"

"పడితేనే తప్పు. పడకుండా విప్పు."

"పడవని మీరు అయ్యగారి ముందు మాటిస్తే వెళ్తాను."

జంబయ్య పైకి చూశాడు. పై వరస గాలికి ఇటూ అటూ ఊగుతోంది. మాట ఇవ్వలేదు.

"ఏమయ్యా జంబయ్యా, ఎంత దిగింది?" అన్నారు నూకరాజు గారు మంచం మీంచి.

"దిగుతోంది అయ్యగారూ."

"ఎక్కడ? నాకు కనపడట్లేదే."

జంబయ్య గబగబా కంచె దగ్గరికి వచ్చి బూదెమ్మ చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు. "ఏమే, నువ్వెలాగూ ఇవాళ పోయేదానివేగా. నువ్వెళ్ళి విప్పు. ఇంకో తప్పు మీద పడ్డా నీకు కొత్తగా పోయేదేముంది?"

బూదెమ్మ గొంతు తగ్గించలేదు. "నిన్నటితో నన్ను పనిలోంచి తీసేశారుగా మేస్త్రీ. పనిలో లేనిదాన్ని, అయ్యగారి సొత్తు ముట్టుకుంటే ఏం బావుంటుంది?"

నూకరాజు గారు ఒక నవ్వు నవ్వారు. ఆ నవ్వు జంబయ్యకు ఒళ్ళంతా గుచ్చుకుంది.

"కర్రెన్నా, నువ్వు ఒక్క విదిలింపు విదిలించు. మోపులు వాటంతటవే దిగుతాయి."

"నేను బండిలో భాగం కదా మేస్త్రీ," అన్నాడు కర్రెన్న. "చక్రానికి పని చెప్తారేంటి?"

ఈలోపు పెనంలో రసం తగ్గిపోతోంది. కొత్త రసం పొయ్యకపోతే పాకం అడుగంటి మాడుతుంది. మాడితే గోకుడు బెల్లం నల్లగా, చేదుగా, ఎవరికీ పనికిరాకుండా పోతుంది. నూకరాజు గారు ముక్కు పైకెత్తి వాసన చూశారు.

"జంబయ్యా, మాడుతోందేమో చూడు."

అప్పుడు జంబయ్య తనే కదిలాడు. ఇన్నాళ్ళూ అతను మోకును ముట్టుకున్నది లేదు. ఎప్పుడూ గానుగ వైపే నిలబడి కేకలేసేవాడు కాబట్టి ఇప్పుడూ ఆ వైపుకే, పల్లం వైపుకే వెళ్ళాడు.

"మేస్త్రీ, అటు కాదు," అంది బూదెమ్మ. "మిట్ట వైపు నుంచి విప్పండి. బరువంతా మీ వైపే ఒరిగుంది."

"గాడిద చేత చెప్పించుకునే గతి నాకింకా పట్టలేదు."

"నిజంగానే చెప్తున్నాను మేస్త్రీ. అటు వద్దు."

తనను మిట్ట ఎక్కించి అందరి ముందు ఆడించాలని చూస్తోందనుకున్నాడు జంబయ్య. అందరూ తనలాగే ఆలోచిస్తారని అతని నమ్మకం. ఆ వైపున్న ముడిని పళ్ళతో పట్టి లాగాడు. బరువుకు బిగుసుకుపోయిన ముడి మొదట రాలేదు. రెండోసారి వచ్చింది.

ముందు ఒక్క మోపు జారింది. జంబయ్య పక్కకు తప్పుకున్నాడు. తప్పుకుని మంచం వైపు చూసి పళ్ళు కూడా బయటపెట్టాడు. ఆ తర్వాత వరసలకు వరసలే వచ్చాయి.

దుమ్ము తగ్గాక చూస్తే మేస్త్రీ లేడు. చెరకు గుట్ట ఒకటి ఉంది, దాని అంచున ఎర్రటి తోక కొస ఒకటి ఉంది. నొగకు కట్టిన నిమ్మకాయ తెగి దొర్లుకుంటూ వెళ్ళి నూకరాజు గారి మంచం కోడు దగ్గర ఆగింది.

"తియ్యండి," అంది గుట్ట.

ఎవరూ కదల్లేదు.

"కాలు విరిగింది. తియ్యండర్రా."

"వస్తే దగ్గరవుతాం కదా మేస్త్రీ," అంది పోలమ్మ. "పైన ఇంకా రెండు వరసలు వేలాడుతున్నాయి. మేమొచ్చాక అవి పడితే?"

"రూలు లేదు. తీసేశాను. రండి."

"పెట్టింది అయ్యగారు. మీరెట్లా తీస్తారు?"

నూకరాజు గారు మంచం మీద లేచి కూచున్నారు. "పడ్డప్పుడు దగ్గరెవరున్నారు?" అని అలవాటుగా అడిగారు. అందరూ తోక కొస వైపు చూశారు. ఆయనా చూశారు.

"జంబయ్యేనా?"

"జంబయ్యే అయ్యగారూ," అన్నాడు కర్రెన్న. "చక్రం మాట చెల్లదంటే పోలమ్మను అడగండి."

"అయితే తప్పు జంబయ్యది. పని లేదు, పాకలో చోటూ లేదు."

గుట్ట ఒక్కసారి అటూ ఇటూ కదిలింది. "అయ్యగారూ, నేను కదిపి పడ్డాయా? పైన బరువెక్కువై పడ్డాయి. బాట పల్లంగా ఉండబట్టి పడ్డాయి. దగ్గరున్నంత మాత్రాన తప్పు నాదెట్లా అవుతుంది?"

పెనం బుడబుడమంటోంది.

"ఆ మాట ఇంకోసారి చెప్పండి మేస్త్రీ," అంది బూదెమ్మ. "చెరకు అడ్డమొచ్చి అయ్యగారికి సరిగ్గా వినపడలేదు."

జంబయ్య ఇంకోసారి చెప్పాడు. ఈసారి గట్టిగా, ఏటి ఒడ్డున మద్దిచెట్టు మీదున్నవాడికి కూడా వినపడేలా చెప్పాడు.

"పైన అంత బరువు పేర్పించిందెవరు?" అన్నారు నూకరాజు గారు.

"నేనే అయ్యగారూ."

"పల్లం పూడ్చొద్దన్నది?"

"అదీ నేనే. ముందు తీయించండి."

నూకరాజు గారు నిమ్మకాయ వైపు చూశారు. మూడు కాళ్ళ మీద నిలబడ్డ బూదెమ్మ వైపు చూశారు. ఏటి ఒడ్డున చెట్టు వైపు కూడా చూశారు. ఆ రూలు ఎవరు చెప్పారు, ఎవరు సరేనని అటు తిరిగి పడుకున్నారు అన్నది ఆయనకు గుర్తొచ్చినట్టుంది. మంచం కిర్రుమంది. ఆయన దిగారు. నడిచి వెళ్ళి, వేలాడుతున్న రెండు వరసల కింద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి వాటిని అదిమిపట్టారు.

"ఇప్పుడు అందరికంటే దగ్గర నేనే ఉన్నాను. ఏం పడ్డా తప్పు నాది. రండి."

ముందు వచ్చింది బూదెమ్మే. కుంటుకుంటూ వచ్చి గుట్ట మీది మోపును పళ్ళతో పట్టి లాగింది. తర్వాత పోలమ్మ, తర్వాత అందరూ. కర్రెన్న కాడి కిందే గిట్టలు గుచ్చి బండి కదలకుండా నిలిపాడు. జంబయ్య బయటికొచ్చేసరికి వెనక కుడి కాలు వంకరగా వేలాడుతోంది, నోట్లో చెరకాకు ఉంది.

"ఏటి దాకా సాగనంపుదామా మేస్త్రీని?" అంది పోలమ్మ.

"నడవలేనివాణ్ణి ఎక్కడికే పంపేది?" అంది బూదెమ్మ.

ఆ పొద్దు గుంకింది. బూదెమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. పాకలో ఆమె గడ్డి పక్కనే ఇంకో గడ్డిపరుపు వేశారు. రెండు కుంటి కాళ్ళూ ఒకే వైపున్నాయి. జంబయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు గానుగ ఆపి పల్లం పూడ్చారు. నూకరాజు గారికి ఆ పూట వేడి బెల్లం దొరకలేదు. ఆయన సణుక్కుంటూనే అక్కడే నిలబడి మన్ను తొక్కారు. సన్నాసి చెట్టు దిగి వచ్చాడు. వాడి వేళ్ళు రెండు ఇక చాపుకోవు. వాణ్ణి కొండ మీద బండి పేర్చే చోట కూచోబెట్టారు. వాడు వంకర వేళ్ళ చెయ్యి పైకెత్తితే ఆ పైన ఇంకో మోపు వెయ్యకూడదు. ఆ చేతిని చూశాక ఎవరూ ఇంకోటి వేద్దామని అడగరు కూడా.

జంబయ్య పాక గుమ్మంలోంచి మెడ చాపి చూశాడు.

"ఎంత మన్ను పట్టింది?"

"నాలుగు తట్టలు," అంది బూదెమ్మ.

"అంతేనా?"

"అంతే మేస్త్రీ."

సాయంత్రం గానుగ మళ్ళీ ఆడి పెనం దించాక పోలమ్మ ఆకులో గోకుడు బెల్లం పెట్టుకుని తెచ్చింది. ఆ పూట నుంచి అది అందరి వాటా. బూదెమ్మకు ఒక ముక్క ఇచ్చింది, ఇంకో ముక్క జంబయ్య ముందు పెట్టింది. అతను చెయ్యి చాపేలోపు సగం తనే కొరికేసింది.

"దగ్గరున్నాను, తప్పు నాదే," అంది నములుతూ.

నీతి: బరువు పడినప్పుడు దాని కింద ఎవరున్నారని కాదు, అంత ఎత్తున పేర్చిందెవరని అడగాలి.